ఒక స్టాపు ముందే

పెద్దమ్మ బస్సులో దేన్నీ పట్టుకోదు. డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా సరే, సీట్లో కూర్చున్నవాళ్లు ముందుకు తూలి ముక్కులు గుద్దుకుంటారు గానీ, నడవాలో నిలబడ్డ ఆమె మాత్రం కాస్త మోకాళ్లు వంచి మళ్లీ నిటారుగా అయిపోతుంది. మెడలో విజిల్, చెవి వెనక పెన్సిలు, భుజానికి తోలు సంచీ. ఇన్నేళ్ల కండక్టరు ఉద్యోగంలో ఆ సంచీ పట్టీ ఎడమ భుజం మీద చిన్న కాలవే తవ్వేసింది. "నాకు ఎడమ భుజం పల్లం, కుడి భుజం మెరక. వానొస్తే నీళ్లు ఒకవైపుకే పోతాయి" అని ఆమే చెప్పి ఆమే నవ్వుతుంది.

ఇక గొంతు. "ఆసుపత్రి! ఆసుపత్రి వాళ్లు తలుపు దగ్గరికి రండి!" అని ఒక్క కేక పెట్టిందంటే కునుకు తీసేవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా ఒకసారి దిగి చూపించుకుందామా అని ఆలోచనలో పడతారు. ఆ కేక కూడా ఆసుపత్రి వచ్చాక పెట్టదు. మధ్యలో ఇంకో స్టాపు ఉండగానే పెట్టేస్తుంది. అందుకే ఆమె బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయి లబోదిబోమన్నవాళ్లు ఇప్పటిదాకా లేరు.

పెళ్లీ పెటాకులూ లేవు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "రోజూ ఇంతమందిని ఎక్కించుకుంటున్నాను, ఇంకొకడికి చోటెక్కడిది?" అంటుంది. కుట్టుపని దుకాణం పైన రెండు గదుల్లో ఉంటుంది. కింద మిషన్లు తిరుగుతుంటే పైన మంచం సన్నగా వణుకుతుంది. ఆమెకు ఆ వణుకు లేకపోతే నిద్ర పట్టదు. కిటికీ తీస్తే డిపో ఆవరణ, వరసగా పడుకున్న బస్సులు కనిపిస్తాయి.

ఆ బస్సుల్లోనే పెరిగింది ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలు నర్సు. పగలు డ్యూటీ, రాత్రి డ్యూటీ అంటూ కాలికి బలపం కట్టుకు తిరిగే మనిషి. భర్త పోయాక పిల్లను చూసుకునేవాళ్లు లేక, చంటిపిల్లప్పుడు రోజంతా, బడిలో వేశాక బడి వదలగానే, అక్క బస్సు ఎక్కించేది. డ్రైవరు పక్కనున్న ఒంటి సీటు ఆ పిల్లకు రాసిచ్చినట్టే అయిపోయింది. అక్కడ కూర్చుని హోంవర్క్ చేసేది, అక్కడే తినేది, అక్కడే నిద్రపోయేది. మెలకువగా ఉన్నంతసేపూ డ్రైవరు కాళ్లకేసే చూసేది. ఏ మలుపులో ఏ గేరు వేస్తాడో ఎక్కాల కంటే ముందు వచ్చేసింది దానికి. వెనకున్న ఆమెను "పెద్దమ్మా! పెద్దమ్మా!" అని పిలిచీ పిలిచీ, బస్సులో ఎక్కే ముసలాళ్ల చేత కూడా ఆమెను పెద్దమ్మా అనే పిలిపించింది. పిల్లను అందరూ పిడుగు అనేవాళ్లు. ఆ పేరుకు న్యాయం చేసింది.

డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరైన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఎంత తోముకున్నా గోళ్ల సందుల్లో నలుపు పోదు కాబట్టి గ్రీజు బాబాయ్ అంటారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక రేసు కార్ల షెడ్డులో పనికి కుదిరాడు. ఆయనే పిడుగును పిల్లల బుల్లి కార్ల పోటీలకు తీసుకెళ్లాడు. అది మొదటి రోజే తనకంటే పెద్దవాళ్లను వెనక్కి నెట్టి వచ్చి, "బాబాయ్, దీనికి హారను లేదేంటి?" అని అడిగింది. అలా మొదలై, పదిహేడో ఏడు వచ్చేసరికి దేశం మొత్తానికి జరిగే జూనియర్ చాంపియన్‌షిప్‌లో దానికి కారు దొరికింది.

ఆ కారు చూసి పెద్దమ్మ నోరెళ్లబెట్టింది. నాలుగు చక్రాలూ మడ్‌గార్డులు లేకుండా బయటికే ఉన్నాయి. పైన కప్పు లేదు. సీటు ఒక్కటే.

"ఇదేంటి బాబాయ్, ఒక్క టికెట్టుకి ఇంత చప్పుడా?" అంది.

చెల్లెలు మాత్రం చూడటానికి కూడా రాలేదు. ఆపరేషన్ గదిలో రక్తం చూసి రెప్ప ఆర్పని మనిషికి, కూతురు హెల్మెట్ పెట్టుకుంటోందంటే కాళ్లూ చేతులూ ఆడవు. పోటీ రోజు అడిగి మరీ డ్యూటీ వేయించుకునేది. అంతా అయిపోయాక ఫోన్ చేసి ఒకటే ప్రశ్న వేసేది: "అక్కా, నాలుగు చక్రాలూ ఉన్నాయా?"

అలా తల్లి బదులు పెద్దమ్మ వెళ్లింది. వెళ్లిన మొదటి రోజే ఉద్యోగం కూడా సంపాదించింది.

ఆ జూనియర్ పోటీల్లో డ్రైవరు చెవిలో మాట్లాడే రేడియోలు ఉండవు. పిల్లలు సొంత బుర్ర వాడాలని నియమం. చెప్పాల్సింది ఏదైనా ఉంటే బోర్డు మీదే చెప్పాలి. ట్రాక్ పక్కన పొట్టి గోడ ఉంటుంది. కారు ప్రతి రౌండూ దాని పక్కనుంచే పోతుంది. పోయేటప్పుడు గోడ మీంచి బోర్డు చూపిస్తారు. బోర్డులో పైన ఎన్నో స్థానంలో ఉన్నావో, మధ్యలో వెనకవాడు ఎంత దూరంలో ఉన్నాడో, కింద ఇంకా ఎన్ని రౌండ్లున్నాయో అంకెలు దూరుస్తారు. చెప్పుకుంటే ఇంతే. కానీ చెయ్యి చాచితే అందేంత దగ్గర్లో కార్లు ఈదురుగాలిలా దూసుకుపోతుంటే గోడ దగ్గర కదలకుండా నిలబడటం అందరివల్లా కాదు. పిడుగు జట్టు మేనేజరే బోర్డు పట్టుకుని ప్రతి కారుకీ ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. పెద్దమ్మ కాసేపు చూసి ఆయన చేతిలోంచి బోర్డు తీసుకుంది. కాస్త మోకాళ్లు వంచి నిలబడింది. కార్లు పోయాయి. ఆమె కదల్లేదు.

"మీకు భయం వెయ్యట్లేదా?" అన్నాడు మేనేజరు.

"లారీలు రాసుకుంటూ పోయే రోడ్ల మీద ఫుట్‌బోర్డు మీద బతికినదాన్ని బాబూ. ఇవి బొమ్మలు" అంది.

పిడుగూ ఆమే కలిసి ఒక గుర్తు పెట్టుకున్నారు. బోర్డు చూడగానే పిడుగు స్టీరింగు మీంచి చూపుడువేలు ఒక్కటి పైకి లేపాలి. చూశాను అని దాని అర్థం. అంత వేగంలో ఆ వేలు కనిపిస్తుందా అంటే, ఇంకెవరికీ కనిపించదు. పెద్దమ్మకు కనిపిస్తుంది. మొదటి పోటీలో ప్రతి రౌండూ వేలు లేచింది. పిడుగు రెండోదిగా వచ్చింది. ఆ రాత్రి పెద్దమ్మ ఫోన్‌లో చెల్లెలికి చక్రాల లెక్క చెప్పి, వేలి లెక్క కూడా చెప్పింది.

రెండో పోటీలో పిడుగు మొదటి నుంచీ ముందుంది. దాని వెనకాలే ఎర్ర హెల్మెట్ కుర్రాడు. అందరికంటే వేగంగా నడిపేది అతనే అని అంతా చెప్పుకునేవాళ్లు. పోటీ చివరికొచ్చింది. మేనేజరు స్టాప్‌వాచీలో తల దూర్చేశాడు. పెద్దమ్మ కింది అంకె మార్చి, 'ఒకటి' దూర్చి, బోర్డు చాచింది. ఇదే చివరి రౌండు అని దానర్థం. వేలు లేచింది. పిడుగు ఆ రౌండు ప్రాణం పెట్టి నడిపి, గీత దాటి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, పిడికిలి పైకెత్తి ఊపుకుంటూ పోయింది.

జెండా పడలేదు. ఇంకా ఒక రౌండుంది.

ఎర్ర హెల్మెట్ పక్కనుంచి పోయాడు. ఇంకొకడు పోయాడు. మూడోవాడు పోతుంటే పిడుగుకు వెలిగింది. అప్పటికి ఏముంది, నాలుగోదిగా తేలింది. గోడ దగ్గర పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. బోర్డు కేసి చూసుకుంది. అంకె అక్కడే ఉంది, తన చేత్తో దూర్చిందే.

షెడ్డులో పిడుగు హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. అరుస్తుందేమోనని అందరూ చూశారు. అరిచినా బాగుండేది.

"నువ్వు చెప్పావనే దిగాను పెద్దమ్మా" అంది. అంతే.

"నాకేమైందో నాకే తెలీదే. లెక్క తప్పలేదు. చెయ్యే..." అని పెద్దమ్మ ఆగిపోయింది. ఫోన్ మోగింది. "ఉన్నాయే, నాలుగూ ఉన్నాయి" అని చెప్పి పెట్టేసింది.

మూడో పోటీలో పెద్దమ్మ అంకెలన్నీ రెండేసిసార్లు చూసుకుని బోర్డు చాచింది. పిడుగు పోయింది. వేలు లేవలేదు. ఎండ కళ్లలో పడిందేమో అనుకుంది. తర్వాతి రౌండూ లేవలేదు. ఆ తర్వాతి రౌండులో స్పష్టంగా చూసింది. గోడ దగ్గరికి వచ్చేసరికి పిడుగు హెల్మెట్ అటువైపుకి తిరిగిపోతోంది. వీధిలో పడని మనిషి ఎదురైతే ముఖం తిప్పుకుంటారే, అలాగ.

"నా బదులు ఇంకెవరినైనా పెట్టండి బాబూ. నేను టీలు పోస్తాను" అంది మేనేజరుతో.

"మీరు పోసే టీ తాగాను. బోర్డే పట్టుకోండి" అన్నాడాయన.

నాలుగో పోటీలో అసలు దెబ్బ తగిలింది. పిడుగు రెండో స్థానంలో, వెనకవాళ్లకు అందనంత దూరంలో ఉంది. బోర్డు మీద ఆ దూరం పెద్ద అంకెల్లో ఉంది. అది చూడదు కదా! వెనక ఎవడో మెడ మీదికి వచ్చేశాడనుకుని, లేనిపోని ఆత్రంతో నడిపి, మలుపులో జారి కంకరలో దిగబడిపోయింది. పాయింట్లు గంగలో కలిశాయి. ఎర్ర హెల్మెట్ కుర్రాడు ఒక్క పాయింటు ముందుకు వెళ్లాడు.

"కళ్లున్న గుడ్డిదైపోయిందమ్మాయ్ అది" అన్నాడు గ్రీజు బాబాయ్, కారు కడుపులోంచి కంకర ఏరుతూ. "దానికి నడపడం రాదా? వచ్చు. ఎప్పుడు ఆగాలో ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేదానివి నువ్వు. నువ్వేమో బోర్డు వెనక దాక్కుంటున్నావు."

"వినకపోతే ఏం చెయ్యను బాబాయ్? చెవి పట్టుకుని లాగుదామంటే హెల్మెట్ అడ్డం."

ఇక మిగిలింది ఒక్క పోటీ. లెక్క తేలిక: పిడుగూ ఎర్ర హెల్మెట్ కుర్రాడూ, ఇద్దరిలో ఎవరు ముందు వస్తే కప్పు వాళ్లది. ఇద్దరూ మధ్యలో ఆగిపోతే ఆ ఒక్క పాయింటుతో కప్పు అతనిది. కప్పు గెలిచినవాళ్లకు వచ్చే ఏడాది పై తరగతిలో కారు ఇస్తారు. ఎర్ర హెల్మెట్‌కు ఈ దారి కాకపోతే డబ్బు కట్టి వెళ్లే దారుంది. పిడుగుకు లేదు.

ఆ వారంలో ఒక సాయంత్రం, కాలేజీ స్టాపులో పిడుగు బస్సెక్కింది. పెద్దయ్యాక ఎక్కడం మానేసింది. ఆ రోజు ఎందుకెక్కిందో అది చెప్పలేదు, ఈమె అడగలేదు. డ్రైవరు పక్క సీట్లో ఎవరో పిల్లాడు కూర్చుని ఉన్నాడు. పిడుగు వెనక కమ్మీకి ఆనుకుని నిలబడింది.

"టికెట్!" అంది పెద్దమ్మ.

"పాస్" అంది పిడుగు, కిటికీలోంచి చూస్తూ.

"పాస్ చూపించాలి."

"అబ్బా, చూపిస్తున్నా కదా!"

మూడో పోటీ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న పెద్ద సంభాషణ అదే. బస్సు బయల్దేరింది. మార్కెట్టు స్టాపు వదిలిందో లేదో పెద్దమ్మ గొంతెత్తింది. "ఆఖరు స్టాపు! ఆఖరు స్టాపు వాళ్లు సామాన్లు సర్దుకోండి, తలుపు దగ్గరికి రండి!" కర్ర పట్టుకున్న ఒక తాతగారు మెల్లగా లేచి, జనాన్ని తప్పించుకుంటూ తలుపుకేసి నడిచారు. మధ్యలో ఇంకో స్టాపు వచ్చింది. పిడుగు తాతగారిని చూసింది, వెళ్లిపోతున్న స్టాపును చూసింది, పెద్దమ్మను చూసింది.

"పెద్దమ్మా! ఆఖరుది ఇంకా రాలేదు కదా? మధ్యలో ఇంకోటి ఉంది కదా?"

"ఉంటే? వచ్చాక చెప్తే ఆయన తలుపుదాకా ఎప్పుడొస్తాడే? ఒక స్టాపు ముందే చెప్పాలి. కొత్తగా అడుగుతావేంటి? పుట్టినప్పట్నుంచీ..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిడుగు ముందు నవ్వు ఆపుకుందామని చూసింది, తర్వాత కమ్మీ పట్టుకుని వంగిపోయి మరీ నవ్వింది. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది.

"నన్ను... నన్ను తలుపు దగ్గరికి రమ్మన్నావా నువ్వు! సామాన్లు సర్దుకోమని!"

"చెయ్యి అలవాటే, నా బంగారం. నిజంగా నాకు తెలీనే తెలీదు" అని పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. నవ్వొచ్చి తుడుచుకుందో, వేరే దేనికో చెప్పడం కష్టం.

పిడుగు దిగేటప్పుడు పెద్దమ్మ అడిగింది: "మరి బోర్డు చూస్తావా?"

పిడుగు మెట్టు మీదే ఆగి వెనక్కి తిరిగింది. అబద్ధం చెప్పడం దానికి రాదు. "చూడాలనే ఉంది. కానీ అక్కడికి వచ్చేసరికి తల దానంతటదే తిరిగిపోతోంది పెద్దమ్మా. మాటివ్వలేను."

ఆఖరి పోటీ రోజు మబ్బు పట్టింది గానీ వాన పడలేదు. పిడుగు మూడో స్థానంలో కుదురుకుంది. దాని వెనకే ఎర్ర హెల్మెట్. పెద్దమ్మ బోర్డు చాచింది. తల అటు తిరిగింది. మళ్లీ చాచింది. మళ్లీ తిరిగింది. సగం పోటీ అలాగే గడిచింది.

అప్పుడు, గోడ దగ్గర్నుంచి కనిపించే మలుపులోనే, ఎర్ర హెల్మెట్ కారు తోక ఆడించింది. ఒక చుట్టు తిరిగి కంకరలోకి పోయి, ముక్కు నేలలో గుచ్చుకుని ఆగిపోయింది. అతను దిగి, హెల్మెట్ తీసి దాని మీదే కూర్చున్నాడు. ఇక పిడుగు ఏ స్థానంలో వచ్చినా ఫరవాలేదు. గీత దాటితే చాలు. కానీ అదంతా దాని వెనక జరిగింది. దానికి తెలీదు. వెనక అతనున్నాడనే అనుకుంటూ, ముందున్న కారును దాటేద్దామని చక్రానికి చక్రం ఆనించేంత దగ్గరగా దూరిపోతోంది. చక్రాలు బయటికున్న కార్లు అవి. ఒకదానికొకటి తగిలాయంటే రెండూ గాల్లోకి లేస్తాయి.

"ఆపండి దాన్ని! చెప్పండి!" అని మేనేజరు జుట్టు పీక్కున్నాడు.

అంకెలతో ఆగమని ఎలా చెప్తారు? పెద్దమ్మ చుట్టూ చూసింది. టైర్లొచ్చిన అట్టపెట్టె ఒకటి ఉంది. పర్రున చింపింది. చెవి వెనక పెన్సిలు తీసి, ఇది కనిపించదని పారేసి, గ్రీజు బాబాయ్ జేబులోంచి టైర్లకు గుర్తులు పెట్టే పసుపు సుద్ద లాక్కుంది. ఇంతింత అక్షరాలతో 'హోల్డాన్' అని రాసింది. బస్సు ఆపడానికి కండక్టరు వేసే కేక. పిడుగు మాటలు నేర్చుకునేటప్పుడు అమ్మ తర్వాత నేర్చుకున్న మాట.

కారు వచ్చింది. తల తిరిగింది. పోయింది.

పెద్దమ్మ అట్టను చంకలో పెట్టుకుంది. తర్వాత ఏం చేసిందంటే, గోడ పక్కన ఇనుప స్తంభం ఉంటే దాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. ఒక కాలు గోడ అంచు మీద పెట్టి, రెండో కాలు గాల్లో వదిలి, ఒళ్లంతా ట్రాక్ వైపు వేలాడేసి, కుడిచేత్తో అట్టను చాచింది. కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీద ఇన్నేళ్లూ నిలబడ్డది ఇలాగే. జెండా పట్టుకున్న అధికారి పరిగెత్తుకొచ్చాడు.

"ఏవమ్మా! ప్రమాదం! లోపలికి రండి, లోపలికి!"

"లోపల చోటు లేదు, మీరే ముందుకు జరగండి!" అని కేకేసింది పెద్దమ్మ. అలవాటు. పాపం ఆయన నిజంగానే రెండడుగులు ముందుకు జరిగాడు.

కారు వచ్చింది. హెల్మెట్ అటు తిరగబోయింది. కంటి చివర ఏదో తగిలినట్టుంది. ఒక కాలు గాల్లో, ఒళ్లు వాలుగా, చెయ్యి చాచి... ఒంటి సీట్లోంచి, బస్సు అద్దంలో, చిన్నప్పట్నుంచీ చూసిన బొమ్మ. తల ఇటు తిరిగింది.

వేలు లేచింది.

"చూసింది! బాబాయ్, చూసింది!" అని పెద్దమ్మ అక్కడే వేలాడుతూ ఏడ్చేసింది. మేనేజరూ బాబాయీ కలిసి చెరో చెయ్యీ పట్టుకుని దించారు.

పిడుగు ముందు కారును వదిలేసి, బుద్ధిగా వెనకాలే నడిపింది. రౌండు రౌండుకీ వేలు లేచింది. చివరికొచ్చేసరికి మళ్లీ చిక్కు. పెద్దమ్మ చెయ్యి దానంతటది 'ఒకటి' అంకె మీదికి పోయింది. గ్రీజు బాబాయ్ మణికట్టు పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇంకా స్టాపు రాలేదు."

"తెలుసు బాబాయ్. చేతికి చెప్తున్నా" అని పెద్దమ్మ 'రెండు' చూపించింది. ఆ తర్వాతి రౌండులోనే 'ఒకటి'. వేలు లేచింది.

పిడుగు మూడోదిగా గీత దాటింది. ఈసారి జెండా పడింది. అయినా అది కాలు తియ్యలేదు. పిడికిలి ఎత్తలేదు. అదే వేగంతో ఇంకో రౌండు మొత్తం చుట్టి వచ్చింది. ముందువాళ్లిద్దరూ చేతులూపుకుంటూ తాపీగా పోతుంటే వాళ్ల మధ్యలోంచి రివ్వున పోయింది. జెండా అధికారి ముందు దాన్ని పిలిచి చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే కప్పు దగ్గరికి వెళ్లనిచ్చాడు.

"ఏమే, చివరిదని చూపించాను కదే! వేలు కూడా లేపావు! మళ్లీ ఎందుకు తిరిగావు?" అంది పెద్దమ్మ, దాని ముఖం మీద నల్లమరకలు తన రుమాలుతో తుడుస్తూ.

పిడుగు కప్పును సంకలో ఇరికించుకుని కళ్లెగరేసింది. "ఎందుకైనా మంచిదని. నీ సంగతి నాకు తెలుసు కదా. ఒక స్టాపు ముందే చెప్పావేమో అనుకున్నా."

వీపు మీద ఒక్కటి పడింది. అంతలో ఫోన్ మోగింది.

"అక్కా, నాలుగు చక్రాలూ..."

"దాన్నే అడుగు" అని పెద్దమ్మ ఫోన్ పిడుగు చెవికి ఆనించి, తను వెళ్లి ఆ అట్టముక్క వెతికి తెచ్చుకుంది. ఇప్పుడది కుట్టుదుకాణం పైగదిలో, కిటికీ పక్కన మేకుకి వేలాడుతోంది. కింద మిషన్లు తిరిగినప్పుడల్లా సన్నగా వణుకుతుంటుంది. పసుపు సుద్ద కొంచెం కొంచెంగా రాలి, ఇప్పటికి 'హోల్డా' దాకా మిగిలింది.